అభిప్రాయం మారినంత తేలిగ్గా ఓటు మారదు: స్వలింగ వివాహాలు, అమెరికా ఎన్నికలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో 1996లో స్వలింగ వివాహాలను ఒప్పుకున్నవాళ్లు 27 శాతమే, ఇప్పుడు దాదాపు 70 శాతం. ఇంత మారాక కూడా కొందరు నాయకులు ఆ మాట ఎత్తడానికి ఎందుకు జంకుతారు? జనాభిప్రాయం మారితే గెలుపోటములు నిజంగా మారతాయా? మన తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎప్పటికైనా ఎన్నికల అంశం అవుతుందా?

నాది గుంటూరు జిల్లా. మిన్నెసోటాలో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. 2012 నుంచి ఇక్కడ ప్రతి ఎన్నికకూ ఏదో ఒక ప్రచారంలో పనిచేస్తున్నాను. మొదట ఫోన్లు చేసే వలంటీర్‌ని, తర్వాత ఓటర్ల జాబితాల పని చూసే మనిషిని. ఏ వైపు పనిచేశానో ముందే చెప్పేస్తాను, ఆ పెళ్లిళ్లకు చట్టబద్ధత ఉండాలనే వైపు. లెక్కల విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

సర్వేలో ఎంతమంది సరేనన్నారని చూసి నాయకుడు కదలడు. ఆ ఒక్క విషయం కోసం ఓటు మార్చుకునేవాళ్లు ఏ వైపు ఎందరున్నారో చూసి కదులుతాడు. ఒక వార్డులో వంద ఓట్లున్నాయనుకోండి. యాభై ఐదుగురికి స్వలింగ వివాహం అంటే అభ్యంతరం లేదు, నలభై ఐదుగురికి ఉంది. కానీ ఆ యాభై ఐదుగురిలో దీనికోసమే అభ్యర్థిని మార్చేవాళ్లు ముగ్గురు. ఈ నలభై ఐదుగురిలో పదిహేనుమంది. మెజారిటీ తన వైపే ఉన్నా, నోరు విప్పిన అభ్యర్థికి పన్నెండు ఓట్లు నష్టం. అందుకే 55 ఎప్పుడు 70 అయిందని ప్రచారంలో ఎవరూ పెద్దగా లెక్కపెట్టరు. ఆ పదిహేను ఎప్పుడు ఐదుకి దిగింది, ఆ ముగ్గురు ఎప్పుడు పదిమంది అయ్యారు అని చూస్తారు. ఈ రెండు మార్పులూ అమెరికాలో ఎలా జరిగాయో చూడాలంటే ఒహాయో రాష్ట్రంతో మొదలుపెట్టాలి.

2003 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం (మన హైకోర్టు లాంటిది) స్వలింగ జంటలకు పెళ్లి చేసుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. 2004 మే 17 నుంచి అక్కడ పెళ్లిళ్లు మొదలయ్యాయి. అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. పైగా డెమోక్రాట్ల అభ్యర్థి జాన్ కెర్రీది ఆ మసాచుసెట్సే. అప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ ఫిబ్రవరిలోనే, పెళ్లంటే ఒక మగవాడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదేనని రాజ్యాంగంలో రాయాలని ప్రకటించారు. నవంబరు 2న, అధ్యక్షుడి ఎన్నిక రోజే, 11 రాష్ట్రాల్లో అలాంటి రాష్ట్ర రాజ్యాంగ సవరణలు, జనమే ఓటేసి తేల్చేలా, బ్యాలెట్ మీదికొచ్చాయి. పదకొండూ నెగ్గాయి. మిసిసిపీలో 86 శాతం అవునన్నారు, ఒహాయోలో దాదాపు 62 శాతం. బుష్ ఒహాయోను సుమారు 1 లక్షా 18 వేల ఓట్ల తేడాతో గెలిచారు. ఆ రాష్ట్రం పోయి ఉంటే ఆయన పదవీ పోయేది.

మర్నాటి నుంచీ ఒకే మాట: పెళ్లి విషయమే బుష్‌ని గెలిపించింది. ఎగ్జిట్ పోల్‌లో 22 శాతం మంది తమకు అన్నిటికన్నా ముఖ్యమైనవి "నైతిక విలువలు" అనడంతో ఆ మాటకు బలం వచ్చింది. నేను దీన్ని పూర్తిగా నమ్మను. తర్వాత రాజనీతి పరిశోధకులు లెక్కలు తీస్తే, సవరణ బ్యాలెట్ మీద ఉన్న రాష్ట్రాల్లో బుష్ ఓట్లు మిగతా రాష్ట్రాలకన్నా ప్రత్యేకంగా పెరిగినట్టు తేలలేదు. మిషిగన్, ఒరెగాన్ ఓటర్లు అదే రోజు సవరణకు అవునని వేసి, కెర్రీనీ గెలిపించారు. అదే ఎగ్జిట్ పోల్‌లో ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఇవ్వాలన్నవాళ్లు 25 శాతం, పెళ్లి అనే పేరు లేకుండా సివిల్ యూనియన్ ఇస్తే చాలన్నవాళ్లు 35 శాతం, ఏ గుర్తింపూ వద్దన్నవాళ్లు 37 శాతం. అంటే ఏదో ఒక గుర్తింపు ఇవ్వొచ్చన్నవాళ్లు అప్పటికే 60 శాతం!

అయినా ఆ కథనం రాజకీయాల మీద పట్టు సాధించింది. ఎందుకంటే నాయకులకు నిజంగా ఏం జరిగిందన్నదానికన్నా, ఏం జరిగిందని అందరూ అనుకుంటున్నారన్నదే ముఖ్యం. దాదాపు ఎనిమిదేళ్లు డెమోక్రాట్లు ఆ భయంతోనే బతికారు. బరాక్ ఒబామాను చూడండి. 1996లో షికాగోలో రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేసినప్పుడు ఒక ప్రశ్నావళికి జవాబుగా స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఉండాలని రాసిచ్చారు. 2008లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, పెళ్లంటే ఒక స్త్రీకీ ఒక పురుషుడికీ మధ్యేనన్నారు. ఆ పన్నెండేళ్లలో జనం మద్దతు పెరిగింది, ఆయన మాత్రం వెనక్కి వెళ్లారు. ఊరి ఎన్నిక వేరు, ఒహాయో గెలవాల్సిన ఎన్నిక వేరు. ఆ నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆయనకు 61 శాతం ఓట్లిచ్చి, అదే బ్యాలెట్ మీద స్వలింగ వివాహాలను ఆపేసే ప్రతిపాదన 8ని 52 శాతంతో నెగ్గించారు. అప్పటికే అక్కడ సుమారు 18,000 జంటలకు పెళ్లిళ్లయిపోయాయి.

ఈ ఓటమే ప్రచార పద్ధతిని మార్చింది. అప్పటిదాకా మా వైపు వాళ్లు హక్కులు, ఇన్సూరెన్స్, పన్ను రాయితీలు, వివక్ష అని మాట్లాడేవారు. ఓడిపోయాక ఓటర్లతో కూర్చుని అడిగితే తేలిందేమిటంటే, అటూ ఇటూ ఊగుతున్న ఓటరు "నేను పెళ్లి చేసుకుంది ప్రేమకోసం, వీళ్లు ఇన్సూరెన్స్ కోసం అడుగుతున్నారు" అనుకుంటున్నాడు. అంటే వాళ్లు తనలాంటి మనుషులు కాదని మేమే చెప్పినట్టయింది. అందుకే 2012లో మిన్నెసోటాలో మాకిచ్చిన కాగితం మీద హక్కు అన్న మాటే లేదు. మొదటి ప్రశ్న: మీకు పెళ్లయిందా? రెండో ప్రశ్న: ఎందుకు చేసుకున్నారు?

ఇక్కడ మిన్నెసోటా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను కళ్లారా చూసింది అదే.

2010లో రిపబ్లికన్లు మిన్నెసోటా ఉభయసభలనూ గెలిచారు. 2011 మే 21 రాత్రి ప్రతినిధుల సభలో 70–62తో, 2012 నవంబరు బ్యాలెట్ మీద పెళ్లి సవరణ పెట్టాలని తీర్మానించారు. 2004 పాఠం అదే కదా, ఆ సవరణ ఉంటే మన ఓటర్లు ఇళ్లలోంచి బయటికొస్తారు అని. ఆ రాత్రి వాళ్ల పార్టీ సభ్యుడే జాన్ క్రీసెల్ ఎదురు మాట్లాడారు. ఇరాక్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్న సైనికుడాయన. అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన మిన్నెసోటా సైనికుడి ఫోటో పట్టుకుని, ఈ అబ్బాయి గే, ఇతనికి పెళ్లి చేసుకునే హక్కు లేదని నేనెలా చెప్పగలనని అడిగారు. ఆయన పార్టీ వాళ్లు ఇంకో ముగ్గురు మాత్రమే ఆయనతో కలిసి వద్దని ఓటేశారు. తీర్మానం నెగ్గింది. అప్పటిదాకా అమెరికాలో ఇలాంటి సవరణను జనం తిప్పికొట్టింది ఒక్కసారే, 2006లో అరిజోనాలో. అక్కడా రెండేళ్ల తర్వాత మళ్లీ పెట్టి నెగ్గించుకున్నారు.

మా ఫోన్ బ్యాంక్, అంటే వలంటీర్లు ఓటర్లకు ఫోన్లు చేసే చోటు, సెయింట్ పాల్‌లో ఒక పాత భవనం కింది అంతస్తులో ఉండేది. సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్లేదాన్ని. చల్లారిపోయిన పిజ్జా, చేతిలో పెన్సిల్, ఎదురుగా పేర్ల జాబితా. ప్రతి పేరు పక్కనా 1 నుంచి 5 దాకా అంకెలు. 1 అంటే మా వైపు గట్టిగా, 5 అంటే అవతలి వైపు గట్టిగా. అక్టోబరులో ఒకరోజు సెయింట్ క్లౌడ్ వైపు ఒక పెద్దావిడకు ఫోన్ చేశాను. అది కాథలిక్కులు ఎక్కువగా ఉండే ప్రాంతం, బిషప్పులు సవరణకు మద్దతుగా ప్రచారం చేస్తున్నారు. ఆవిడ మొదటి మాటే "అవునని వేయమని మా చర్చిలో చెప్పారమ్మా" అని. సరేనండీ, మీ పెళ్లయి ఎన్నేళ్లయిందని అడిగాను. యాభై ఒకటి నిండేది, ఆయన పోయిన చలికాలంలో పోయారు అన్నారు. నాకేం మాట్లాడాలో తోచలేదు. కాగితం మీద తర్వాతి లైను ఉంది కానీ చదవలేకపోయాను. ఆవిడే చెప్పుకొచ్చారు: ఆసుపత్రిలో ఆఖరి వారం ఆయన చెయ్యి వదల్లేదట, నర్సు బయట కూర్చోమంటే నేను భార్యనని గట్టిగా చెప్పారట. కాసేపాగి, "మా అక్క కొడుకు ఉన్నాడు. వాడితో ఉండే అతన్ని వాడి స్నేహితుడు అంటాం మేం. ఇరవై ఏళ్లుగా స్నేహితుడే అంటున్నాం" అన్నారు. ఓటు ఎటు వేస్తానన్నది చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పేరు పక్కన 3 రాశాను, తేల్చుకోలేదు అని.

ఆ 3కి ఎంత విలువ ఉందో ఆ రాత్రి మా జాబితాలు చూసే అబ్బాయి చెప్పాడు. మిన్నెసోటాలో రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే పోలింగ్‌కి వచ్చిన మొత్తం ఓటర్లలో సగానికి పైగా అవునని వేయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అది వద్దన్న ఓటు కిందే లెక్క. అంటే 5ని 1 చేయనక్కర్లేదు. చర్చి మాటకీ అక్క కొడుక్కీ మధ్య నలిగిపోయిన మనిషి ఆ గడి ముందు ఆగిపోతే చాలు. ఆవిడ ఏం చేశారో నాకు ఎప్పటికీ తెలియదు. నవంబరు 6న అవునన్నవి 47.4 శాతం, వద్దన్నవి 51.2 శాతం. సవరణ ఓడిపోయింది. అదే రోజు మెయిన్, మేరీల్యాండ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో స్వలింగ వివాహాలకు ఓటర్లే ఆమోదం తెలిపారు. అంతకుముందు ఏ రాష్ట్రంలోనూ జరగని విషయం అది.

ఎన్నికల రాజకీయాలకు సంబంధించి అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఆ సవరణ పెట్టిన రిపబ్లికన్లు మిన్నెసోటా ఉభయసభల్లోనూ మెజారిటీ పోగొట్టుకున్నారు. తమ ఓటర్లను బయటికి రప్పిస్తుందని పెట్టిన సవరణ, అవతలి వాళ్ల యువ ఓటర్లనే బయటికి రప్పించింది. యూనివర్సిటీ హాస్టళ్ల దగ్గర క్యూలు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పటిదాకా ముగ్గురే ఉన్నచోట పదిమంది తయారయ్యారు. ఆర్నెల్లు తిరిగేసరికి, 2013 మేలో, అదే శాసనసభ స్వలింగ వివాహాలకు చట్టం చేసింది. ప్రతినిధుల సభలో 75–59, సెనేట్‌లో 37–30. అయితే దీని వల్ల డెమోక్రాట్లకు ఏ నష్టమూ జరగలేదంటే అబద్ధం. 2014లో వాళ్లు ప్రతినిధుల సభ పోగొట్టుకున్నారు, పోయిన సీట్లు చాలావరకు పల్లె ప్రాంతాలవే. పెళ్లి చట్టం ఒక్కటే కారణమని నేననను, ఆరోగ్య బీమా గొడవా అధ్యక్షుడి మీద కోపమూ ఉన్నాయి. కానీ ఆ ఊళ్లలో తలుపులు తట్టినవాళ్లకు ఆ మాట వినపడింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తాను. మెజారిటీ మారాక కూడా నాయకులు ఎందుకు జంకుతారు? దీనికి జవాబు ప్రైమరీల్లో ఉంది. అమెరికాలో టికెట్ ఇచ్చేది హైకమాండ్ కాదు. పార్టీ ఓటర్లే ముందుగా ఒక ఎన్నికలో ఓటేసి అభ్యర్థిని ఎన్నుకుంటారు. దానికి వచ్చేది తక్కువమంది, వచ్చేవాళ్లు పార్టీలోకెల్లా గట్టి పట్టుదల ఉన్నవాళ్లు. రాష్ట్రం మొత్తం మారినా ఆ చిన్న గుంపు మారకపోతే నాయకుడి మెడ మీద కత్తి అలాగే ఉంటుంది.

న్యూయార్క్ చూడండి. 2011 జూన్ 24న రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్ర సెనేట్‌లో పెళ్లి బిల్లు 33–29తో నెగ్గింది. నలుగురు రిపబ్లికన్లు అవునన్నారు కాబట్టే నెగ్గింది. అప్పటికే ఆ రాష్ట్రంలో సగానికి పైగా జనం ఆ బిల్లు వైపు ఉన్నారు. మరి ఆ నలుగురికీ ఏమైంది? 2012లో జేమ్స్ అలెసీ మళ్లీ పోటీ చేయలేదు. రాయ్ మెక్‌డొనాల్డ్ ప్రైమరీలోనే ఓడిపోయారు. స్టీఫెన్ సాలండ్ ప్రైమరీ కొద్ది ఓట్లతో గట్టెక్కారు కానీ, ఆయన ప్రత్యర్థి ఇంకో చిన్న పార్టీ గుర్తు మీద బరిలోనే ఉండిపోయి ఓట్లు చీల్చడంతో సీటు డెమోక్రాట్‌కి పోయింది. మార్క్ గ్రిసాంటి ఒక్కరే ఆ ఏడు గెలిచారు. వేరే కారణాలూ కలిసి, 2014 ప్రైమరీలో ఆయనా ఓడిపోయారు. సొంత రాష్ట్ర మెజారిటీతో నడిచి నలుగురూ నాలుగేళ్లలో ఇంటికెళ్లారు. ఈ నాలుగు పేర్లూ ప్రతి రాష్ట్రంలోనూ రిపబ్లికన్ శాసనసభ్యులకు కంఠతా వచ్చు. నేను ఆ పార్టీ మనిషిని కాకపోయినా, ఆ నలుగురి మీద నాకున్న గౌరవం చాలా పెద్దది.

జడ్జీల సంగతి కూడా ఒక ముక్క. అయోవాలో 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా స్వలింగ వివాహాలను అనుమతించింది. అక్కడ జడ్జీలను కొనసాగించాలా వద్దా అని జనం ఓటేస్తారు. 1962లో ఆ పద్ధతి వచ్చాక ఒక్క సుప్రీంకోర్టు జడ్జి కూడా ఓడిపోలేదు. 2010లో ముగ్గురికి ముగ్గురూ ఓడిపోయారు. 2012లో అదే తీర్పులో భాగమైన ఇంకో జడ్జి వంతు వచ్చింది. మళ్లీ వ్యతిరేకుల అవే ప్రచార బస్సులు, అవే పోస్టర్లు. ఆయన సుమారు 54 శాతంతో నెగ్గారు. రెండేళ్లలో అయోవా జనం అభిప్రాయం తలకిందులు కాలేదు. అయితే 2012 అధ్యక్ష ఎన్నిక, ఓటేసినవాళ్లు ఎక్కువ. పైగా అప్పటికి మూడేళ్లుగా పెళ్లిళ్లు జరుగుతున్నాయి, ఎవరి ఇల్లూ కూలిపోలేదు. ఆ పదిహేనుమందిలో కొందరికి కోపం చల్లారింది. వ్యతిరేకత మిగిలే ఉన్నా, దానికోసం ఓటేయడానికి బయల్దేరేంత వేడి పోయింది. ఈ మార్పు సర్వేల్లో కనపడదు.

నాయకుడు జనం వెనకాల నడుస్తాడని ఇంతసేపూ చెప్పాను కానీ, ఒక్కోసారి తిరగబడి జనాన్నీ లాక్కెళ్తాడు. 2012 మే 6న అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ టీవీలో తనకు స్వలింగ వివాహాల విషయంలో ఏ ఇబ్బందీ లేదన్నారు. మూడు రోజులకు ఒబామా కూడా మద్దతు ప్రకటించారు. దానికి ముందు రోజే నార్త్ కరొలైనా ఓటర్లు 61 శాతంతో వ్యతిరేక సవరణ నెగ్గించారు కాబట్టి, ఆ సమయంలో ఆ మాట అనడం తేలికేం కాదు. పది రోజుల తర్వాత నల్లజాతి పౌరుల ప్రధాన సంస్థ ఎన్‌ఏఏసీపీ మద్దతు తెలిపింది. చర్చికి వెళ్లే నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న మేరీల్యాండ్‌లో అప్పటి దాకా గెలుపు అనుమానంగా ఉండేది. నవంబరులో 52 శాతంతో నెగ్గింది. తమ మనిషి అనుకున్నవాడు చెప్తే, కాదనుకున్న విషయాన్ని కూడా మళ్లీ ఒకసారి ఆలోచిస్తారు. ఒబామా ఆ ఎన్నిక గెలిచారు, ఒహాయోతో సహా. ఎనిమిదేళ్ల భయం ఒక్క రాత్రిలో పోయింది. 2013 వసంతంలో డెమోక్రాట్ సెనేటర్లు వరసబెట్టి, ఒక్కో రోజు ఇద్దరు ముగ్గురు, మద్దతు ప్రకటించారు.

ఆ వసంతంలోనే ఒహాయో రిపబ్లికన్ సెనేటర్ రాబ్ పోర్ట్‌మన్ కూడా మద్దతు ప్రకటించారు. పదవిలో ఉన్న రిపబ్లికన్ సెనేటర్లలో ఆయనే మొదటివారు. తన కొడుకు గే అని చెప్పాక ఆలోచన మార్చుకున్నానన్నారు. ఇక ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2016లో 58 శాతంతో గెలిచారు. అదే రోజు అదే రాష్ట్రం డోనాల్డ్ ట్రంప్‌నీ గెలిపించింది. 2004లో 62 శాతంతో సవరణ నెగ్గించిన ఒహాయో ఇది! 2004లో బుష్ ప్రచారం నడిపించిన కెన్ మెల్మన్ కూడా 2010లో తాను గే అని బయటపెట్టి, ఆ తర్వాత పెళ్లి హక్కు కోసం పనిచేశారు. ఆ మనిషి అన్నేళ్లు ఏం మోశాడో అని నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఒహాయో కథ ఇంకా ఉంది. 2015 జూన్ 26న దేశమంతా స్వలింగ వివాహాలకు దారి తీసిన 5–4 సుప్రీంకోర్టు తీర్పు ఒహాయోకి చెందిన జిమ్ ఓబర్గెఫెల్ పేరు మీదే ఉంది. మంచం పట్టిన తన సహచరుణ్ని చిన్న విమానంలో మేరీల్యాండ్ తీసుకెళ్లి, రన్‌వే పక్కన ఆగిన విమానంలోనే పెళ్లి చేసుకుని తిరిగొచ్చారు. మరణ ధ్రువీకరణ పత్రంలో భర్తగా తన పేరు ఉండాలని కేసు వేశారు. 2022లో ఆయన తన సొంత ప్రాంతం సాండస్కీ వైపు నుంచి డెమోక్రాట్‌గా రాష్ట్ర ప్రతినిధుల సభకు పోటీ చేసి పెద్ద తేడాతో ఓడిపోయారు. అప్పటికి దేశంలో స్వలింగ వివాహాలకు మద్దతు 71 శాతం. ఆ నియోజకవర్గంలో ఆయన పెళ్లిని తప్పనేవాళ్లు మెజారిటీ అనుకోను. వాళ్లు పార్టీని చూసి వేశారు. మీ రెండో ప్రశ్నకు నా దగ్గర ఇంతకన్నా సూటి జవాబు లేదు: అభిప్రాయం మారి, గొడవ సద్దుమణిగాక, ఆ విషయం మీద గెలిచేవాళ్లూ ఉండరు, ఓడేవాళ్లూ ఉండరు. భయం పోవడమే అక్కడ వచ్చే లాభం. ఆ భయం పోయింది కాబట్టే 2022 నవంబరు 29న సెనేట్‌లో, స్వలింగ వివాహాలను కేంద్ర ప్రభుత్వం గుర్తించాలనే వివాహ గౌరవ చట్టానికి 12 మంది రిపబ్లికన్లు ఓటేయగలిగారు, 61–36తో నెగ్గింది. 1996లో ఇదే సెనేట్ 85–14తో దానికి సరిగ్గా వ్యతిరేకమైన చట్టం చేసింది.

జనం మనసు ఎలా మారింది అని ఎవరైనా అడిగితే, పాత తరం పోయి కొత్త తరం రావడం వల్ల అంటారు. అది కొంతే. ఉన్న మనుషులే మనసు మార్చుకోవడం అంతకన్నా ఎక్కువని పరిశోధకులు తేల్చారు. నా అనుభవమూ అదే. ఇక్కడ మిన్నెసోటాలోనే మేపుల్ గ్రోవ్‌లో మన హిందూ గుడి ఉంది. 2012లో అక్కడ భోజనాల దగ్గర నా చొక్కా మీది బ్యాడ్జీ చూసి ఒక పెద్దాయన, "మనకెందుకమ్మా ఈ గొడవ, వచ్చిన పని చూసుకోక" అన్నారు. కోపంగా ఏం కాదు, మంచి కోరే అన్నారు. బాబాయ్ గారూ, ఓటు మనకీ ఉంది కదా అన్నాను, అంతటితో ఆగిపోయింది. కొన్నేళ్లకు ఆయనే పక్కకి పిలిచి, పరిచయం ఉన్న ఎవరో అబ్బాయి గురించి, వాళ్ల అమ్మానాన్నలతో ఏం మాట్లాడితే బాగుంటుందని అడిగారు. ఎవరని నేను అడగలేదు. ఆయన ఏ పార్టీకి ఓటేస్తారో అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ తెలియదు. బహుశా మారి ఉండదు.

ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. ఈ మార్పు ఒకవైపే నడిచే బండి కాదు. గ్యాలప్ సర్వే సంస్థ లెక్కల్లో రిపబ్లికన్లలో మద్దతు 2021, 2022లో 55 శాతం దాకా వెళ్లింది. 2025కి 41కి పడిపోయింది. డెమోక్రాట్లలో 88. ట్రాన్స్‌జెండర్ల విషయంలో వచ్చిన గొడవలతో ఇదీ మళ్లీ పార్టీ జెండాలో కలిసిపోయిందని నా అభిప్రాయం. 2025 జనవరిలో ఐడహో ప్రతినిధుల సభ ఓబర్గెఫెల్ తీర్పును తిరగరాయమని సుప్రీంకోర్టును కోరుతూ తీర్మానం చేసింది. జూన్‌లో సదరన్ బాప్టిస్టులనే పెద్ద క్రైస్తవ చర్చిల సంఘమూ అదే కోరింది. నవంబరులో అలాంటి ఒక పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అయినా ప్రైమరీల్లో ఆ పదిహేనుమంది మళ్లీ ఇరవై అవుతున్నారేమోనని నాకు దిగులుగానే ఉంది. మరోవైపు 2024లో రిపబ్లికన్ పార్టీ మేనిఫెస్టోలోంచి స్వలింగ వివాహాలను సూటిగా వ్యతిరేకించే వాక్యాలు తీసేశారు. అదే ఏడు కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 8ని రాజ్యాంగంలోంచి 60 శాతానికి పైగా ఓట్లతో తొలగించారు. సాధారణ ఎన్నికకీ ప్రైమరీకీ మధ్య ఉన్న దూరం ఇదే.

ఇక మన సంగతి. 2023లో ప్యూ సంస్థ సర్వేలో భారతీయుల్లో 53 శాతం స్వలింగ వివాహాలకు సరే అన్నారు, 43 శాతం కాదన్నారు. ఈ 53 చూసి సంబరపడొద్దని నా సలహా. పైన చెప్పిన వార్డు లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ 53లో దీనికోసం ఓటు మార్చేవాళ్లు ఎందరు? ఆ ఏడాదే మన సుప్రీంకోర్టులో, స్వలింగ వివాహ హక్కు కోరుతూ హైదరాబాద్ జంట వేసిన పిటిషన్ మీద వాదనలు జరిగినప్పుడు కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మతపెద్దలను సంప్రదించి వ్యతిరేకమని రాసింది. రాజస్థాన్, అస్సాం కూడా అలాగే అన్నాయి. అప్పుడు ఆ మూడు చోట్లా ఉన్నవి మూడు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ, మన దగ్గర వైసీపీ. అన్నిటికీ ఒకే లెక్క తోచింది: కాదంటే పోయే ఓటు లేదు, అవునంటే పోవచ్చు. అక్టోబరు 17న కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేమని, అది శాసనసభల పని అని చెప్పింది. అంటే బంతి ఓటరు దగ్గరికే వచ్చింది. 2024 మేనిఫెస్టోలో కాంగ్రెస్, విస్తృత సంప్రదింపుల తర్వాత సివిల్ యూనియన్‌లకు చట్టం తెస్తామని ఒక వాక్యం రాసింది. ప్రచార సభల్లో మాత్రం ఆ వాక్యాన్ని ఎత్తి చూపించిన పెద్ద నాయకుడు నాకు కనపడలేదు.

మన దగ్గర ప్రైమరీలు లేవు, టికెట్ పార్టీ అధినేత చేతిలో ఉంటుంది. అది ఒక రకంగా వీలు కూడా. న్యూయార్క్ నలుగురిలా ఒక్కో ఎమ్మెల్యే బలికానక్కర్లేదు, అధినేత ఒక్కడు తేల్చుకుంటే పార్టీ మొత్తం నడుస్తుంది. కానీ ఆ అధినేత తేల్చుకోవాలంటే ఆయనకు పోయే ఓట్లతో పాటు వచ్చే ఓట్లు కూడా కనపడాలి. ప్రస్తుతం కనపడటం లేదు. అవి కనపడే చోటు టీవీ చర్చలూ కోర్టులూ కాదని నా నమ్మకం. ఎన్నికలప్పుడు కార్యకర్తలు ఇంటికొచ్చి "అమ్మా, మీ సమస్యలేమిటి" అని అడిగి రాసుకుంటారు చూడండి, రోడ్డు, నీళ్లు, పింఛను అని. ఆ కాగితం మీద ఏదో ఒక ఊళ్లో ఒక తల్లి, మా అబ్బాయికీ వాడితో ఉండే అబ్బాయికీ కలిపి రేషన్ కార్డు ఇవ్వడం లేదని రాయించాలి. ఇక్కడ సెయింట్ క్లౌడ్ దగ్గర ఆ పెద్దావిడ ఇరవై ఏళ్లు పట్టి అనగలిగిన మాట అదే.